పేర్లు లేని ముప్పై ఏడుగురు

తెల్లవారుజామున మంచు కమ్మితే గౌడవెల్లిలో రోడ్డు కనబడదు, బండ్ల లైట్లే కనబడతాయి. ఒక్కొక్క లైటూ మెల్లగా దగ్గరికొచ్చి, రుక్కమ్మ ముందు ఆగి, మనిషిగా మారి చెయ్యి చాపుతుంది. ఆమె ఆ చేతికి బీపీ మిషను పట్టీ చుట్టి, అంకె చూసి, పదిహేను రోజుల మాత్రలు చేతిలో పెడుతుంది. బండి మళ్లీ లైటై మేడ్చల్ ఫ్యాక్టరీల వైపు కరిగిపోతుంది. ఆశా కార్యకర్తగా పదిహేనేళ్లు చేసినా, ఈ సోమవారపు వేకువలో తానింకా నిద్రలోనే ఉన్నానేమో అనిపిస్తుంది ఆమెకు.

ఒక వారం సికింద్రాబాదు దగ్గరి యాప్రాల్ నుంచి శ్రీదివ్య అనే అమ్మాయి వచ్చింది. పల్లె దవాఖానల మీద సర్కారు పెట్టిన ఖర్చుకు ఎంత ఫలితం వస్తోందో లెక్కగట్టడం ఆమె పని. రెండు రోజులు రిజిస్టరు తిరగేసింది.

"రుక్కమ్మగారూ, రోజుకు తొమ్మిది మంది గూడ వస్తలేరు. మనిషికి పడే ఖర్చు పక్కూరి దవాఖానకు మూడింతలుంది. గిట్లనే రాస్తే దీన్ని అండ్ల కలిపేస్తరు."

పక్కూరు ఎనిమిది కిలోమీటర్లు.

"మరి మాత్రలు మస్తుగ అయిపోయినయి. ఎవరు మింగిండ్రు?" అడిగింది శ్రీదివ్య.

"మింగెటోళ్లే మింగిండ్రు, మేడమ్."

"పేర్లు?"

రుక్కమ్మ రిజిస్టరు మూసేసింది. నాలుగేళ్ల కింద ఒక లేబర్ కాంట్రాక్టరు మనిషి తలనొప్పి గోలీ కోసం వచ్చి, ఊరికే కూర్చుని ఈ రిజిస్టరే తిరగేశాడు. మరో వారానికి ఊళ్లోని లక్ష్మణ్‌ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారు. బీపీ ఉన్నవాడికి బాయిలరు పని ఇవ్వరట. అది విని మిగతావాళ్లు దవాఖాన మెట్లెక్కడం మానేశారు. అందుకే ఆమె రోడ్డు మీదికి వెళ్లింది. అందుకే పేర్లు రాయదు.

ఆ మధ్యాహ్నం చిన్న కునుకు పట్టింది. కలలో ఊరంతా తలుపులు తెరిచి ఉన్నాయి. ఇంటింటా ఒక మంచం, మంచం మీద చెయ్యీ కాలూ పడిపోయిన మగమనిషి. మెలకువ వచ్చి చూస్తే ఊళ్లో అలాంటి మంచం ఒక్క ఇంట్లోనే ఉంది, మిగతా అందరూ డ్యూటీలో ఉన్నారు. రాని జబ్బును రిజిస్టరులో ఏ గడిలో రాయాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం శ్రీదివ్య దగ్గరికి వెళ్లింది. "బిడ్డా, సోమవారం పొద్దుగాల అయిదున్నరకు రా. పేర్లు మాత్రం అడగనని మాటియ్యి."

శ్రీదివ్య మాటిచ్చింది, వచ్చింది.

"ఏంది రుక్కక్కా, కొత్త డాక్టరమ్మనా? పెండ్లిచూపులకు గూడ గింత పొద్దుగాల రారు గదా!" అన్నాడు మొదటి బండి మీది కుర్మయ్య.

"నోరు మూస్కొని చెయ్యి సాపు. ముచ్చట్లు పెడితే మిషను ఎక్కువ సూపిస్తది."

"అన్నా, మొదట్ల ఎంతుండె?" అడిగింది శ్రీదివ్య.

"నూట ఎనబై. మా పెద్దన్నకూ గంతే ఉండె. ఆయన పడిపోయిండు, ఇప్పటికీ లేస్తలేడు. నేనైతే డ్యూటీకి పోతున్న." కుర్మయ్య నవ్వలేదు ఈసారి.

ఎండ పొడిచేసరికి ముప్పై ఏడుగురు వచ్చి వెళ్లారు. శ్రీదివ్య చేతిలోని ట్యాబులో ఫారం మాత్రం పేరు రాయనిదే ముందుకు పోలేదు. ట్యాబును సంచిలో పడేసి తెల్లకాగితం తీసింది.

"దీన్ని ఒప్పుకుంటరో లేదో తెల్వదు. పక్షవాతం వచ్చిన ఒక్క మనిషికి ఎంత ఖర్చయితదో ఈ గోలీల ఖర్చు పక్కన పెట్టి సూపిస్త. అంతవరకే నా చేతుల ఉంది."

నెలన్నర రుక్కమ్మకు సరిగ్గా అన్నం సయించలేదు. తర్వాత ఇంగ్లిషులో వచ్చిన కాగితాన్ని నర్సు అమూల్య చదివి చెప్పింది: దవాఖానను ఏడాది వరకు కలపరు, ఆపైన మళ్లీ చూస్తారు. కింద శ్రీదివ్య నివేదికలోని ఒక వాక్యం: 'ముప్పై ఏడుగురు, పేర్లు అడగలేదు, కళ్లారా చూశాను.'

రుక్కమ్మ ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది.

"ఏడాది అన్నరు గదా, అమూల్యా," అంది. "అయితే ఏడాదికి సరిపడ మాత్రలు జల్దీ అడుగు."