చేతిసంచిలో బావగారు

ఏ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు సెలవు పెట్టినా వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవడమే ఆమె ఉద్యోగం. కాలు విరిగినవాళ్ల స్థానంలో కొన్ని వారాలు, కాన్పుకి వెళ్లినవాళ్ల స్థానంలో కొన్ని నెలలు. ఇలా మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీవాళ్లు ఆమెకి 'బదులమ్మ' అని పేరు పెట్టేశారు. ఒకరి బదులు కూర్చుంటుంది, అడిగినవాళ్లకి బదులు చెబుతుంది. పేరు రెండు వైపులా అతికింది. పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉందని వాళ్ల అక్క అంటూ ఉంటుంది.

ఫోనుతో ఆమెకి ఏ పేచీ లేదు. చిక్కంతా కంప్యూటర్‌తోనే. ఎవరికి ఏ సందేశం వచ్చిందో, ఎవరి నంబరు ఏమిటో అన్నీ తెర మీదే ఉంటాయి. మూడు వారాలుండి పోయే మనిషి కోసం ఏ ఆఫీసువాళ్లు తమ కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు? అందుకే తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని చేతిసంచిలో పెట్టుకు తిరుగుతుంది. గుచ్చితే మాట్లాడుతుంది, పీకితే చుట్టం చెప్పులేసుకుని వెళ్లిపోయినట్టు ఆనవాలు లేకుండా పోతుంది. అందులోది మగగొంతు. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు, ఊపిరి తీసుకోవడమన్నదే లేదు. అచ్చం ఇంట్లో అక్కమొగుడు మాట్లాడినట్టే ఉండేసరికి, దానికి బావగారని పేరు స్థిరపడిపోయింది.

"కంట్రోల్ బటన్ నొక్కితే టక్కున నోరు మూస్తాడే అక్కా" అని ఒకరోజు చూపించింది.

అక్క ఆ బటన్ని ఆశగా తడిమి, "మీ అసలు బావకి అదెక్కడుందో కాస్త వెతికిపెట్టవే" అంది.

ఆ ఏడాది ఎండాకాలంలో ఆమెని నేల పలకలు తయారుచేసే కంపెనీ ఆఫీసుకి పంపారు. అక్కడి మేనేజరు పెన్‌డ్రైవ్ మాట వినగానే పామును చూసినట్టు అదిరిపడ్డాడు.

"బయటివి పెట్టనివ్వమమ్మా. వైరస్ గీరస్ వస్తే ఎవరు బాధ్యులు?"

"మరి తెర మీద ఏముందో నాకెవరు చదివిపెడతారు సార్?"

"పక్క సీట్లో అకౌంటెంటమ్మ ఉందిగా!"

అకౌంటెంటమ్మ చదివిపెట్టింది. ఎలాగంటే, "ఏదో వచ్చిందిలెండి, పెద్ద ముఖ్యమైందేం కాదు" అని. ఆ మాట బదులమ్మ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. తన ముందున్నదేమిటో తనకి ముఖ్యమో కాదో పక్కవాళ్లు తేల్చేస్తుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ ముఖ్యం కానిది గేటు తీయమని లారీ డ్రైవరు పెట్టిన సందేశం. మధ్యాహ్నానికి లారీ వెనక లారీ నిలిచి, హారన్లతో వీధంతా మోగిపోయింది.

మేనేజరు దిగొచ్చాడు. కానీ పూర్తిగా కాదు. "ముందు నా కంప్యూటర్‌లో పెట్టండి. నా కళ్లముందు పరీక్ష జరగాలి" అన్నాడు. తమాషా చూడ్డానికి స్టాఫంతా ఆయన గదిలోకి చేరారు.

ఆమె వేలితో కన్నం తడుముకుని పెన్‌డ్రైవ్ గుచ్చింది. లోకంలో అందరికీ జరిగినట్టే మొదటిసారి తిరగబడింది. మళ్లీ గుచ్చి కీబోర్డ్ అందుకుంది. ఒక్కో కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌కి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పేరుగా ఇస్తుంది. బావగారు లేచేదాకా ఆ అక్షరమేదో చీకట్లో రాయి విసిరినట్టు వెతకాల్సిందే. 'ఇ' కొట్టింది, లేవలేదు. 'ఎఫ్' కొట్టింది, ఉలుకూ పలుకూ లేదు. "ఇంతేనా?" అని మేనేజరు నవ్వబోయాడు. 'జి' కొట్టింది.

చిన్న రాగం వినిపించింది. ఇయర్‌ఫోన్లు సంచిలోనే ఉన్నాయి, ఆమె తీయలేదు. పరీక్ష అన్నాక అందరూ వినొద్దూ!

"బట్టతల మీద జుట్టు మొలిపించే ఏడు మార్గాలు" అని బావగారు గదంతా వినబడేలా ప్రకటించాడు. "మార్గం ఒకటి ఉల్లిపాయ రసం."

ఎవరో దగ్గారు. మేనేజరు గబుక్కున మౌస్ లాక్కున్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. మౌస్ ఎక్కడికి పోతే అక్కడున్నది చదవడం బావగారి అలవాటు. "మార్గం నాలుగు రోజూ కాసేపు తలకిందులుగా వేలాడటం... మీ ఫోటో పంపండి... మార్గం ఆరు..."

"ఆపండి! ఆపండమ్మా!"

కంట్రోల్ నొక్కితే చాలు. ఆమె వేలు ఆ బటన్ మీదే ఉంది. నొక్కడానికి మాత్రం కాస్త తీరిగ్గా ఆలోచించుకుంది. ఆరో మార్గం కూడా పూర్తయ్యాక నొక్కి, ముఖం అమాయకంగా పెట్టి అడిగింది:

"వైరస్ ఏమీ లేదుగా సార్?"

"లేదు. తీసుకెళ్లి మీ సీట్లో పెట్టుకోండి."

ఆ సాయంత్రం గోడౌను నుంచి వచ్చిన సందేశాన్ని ఎవరి సాయం లేకుండా ఆమే విని, ఆమే ఫోన్ కలిపింది. మనసు దూదిపింజలా తేలిపోయింది. అల్లరి మాత్రం అక్కడితో ఆగలేదు. "మీ వాడు పక్క కంప్యూటర్లవి కూడా చదువుతాడా?" అని అకౌంటెంటమ్మ గుసగుసగా అడిగితే, "అప్పుడప్పుడూనండీ, గాలివాటాన్ని బట్టి" అంది. పాపం, ఆ మహాతల్లి వారం రోజులు కంప్యూటర్‌లో పేకాట ముట్టకుండా లెక్కలే రాసింది. చివరికి జాలేసి నిజం చెబితే, ఒక పూట మూతి ముడుచుకుని, ఆ తర్వాత పడీపడీ నవ్వింది.

బావగారన్న పేరు అప్పటికే ఆఫీసంతా పాకింది. ఇక వెళ్లిపోయే రోజులు దగ్గరపడ్డాక మేనేజరు ఆమె సీటు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మీ బావగార్ని నాక్కూడా ఒక కాపీ ఇవ్వడానికి వీలవుతుందా అమ్మా?"

"భేషుగ్గా! ఇది ఎవరైనా వాడుకోవచ్చు సార్. ఏడో మార్గం మిగిలిపోయిందనా?"

ఆయన మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. "మా అత్తగారికండీ. రిటైరైన తెలుగు టీచరు. చూపు సన్నగిల్లింది. రోజూ పేపరు నేనే చదివిపెట్టాలి. చదవడం కష్టం కాదు, ఒత్తులు పలకడం రాదని ఆవిడ పెట్టే చీవాట్లే కష్టం."

ఆదివారం బదులమ్మ వాళ్లింటికి వెళ్లి, అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ వేళ్లు పట్టుకుని బటన్లు చూపించింది. బావగారు వార్తలు అందుకున్నాడు. నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో అత్తగారు బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చింది.

"ఏమయ్యా, ఏ బళ్లో చదివావు నువ్వు? 'అర్ధం'కీ 'అర్థం'కీ తేడా తెలీదా? మళ్లీ చదువు!"

బావగారు మళ్లీ చదివాడు, అలాగే చదివాడు. ఆవిడ మళ్లీ తిట్టింది. పక్కగదిలో మేనేజరు కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాడు. కాసేపటికి ఎందుకో ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ అడుగుల చప్పుడుకి అత్తగారు అటు తిరిగింది.

"వీడికన్నా నువ్వే నయం నాయనా" అంది.

సోమవారం పొద్దున్న ఆఫీసులో అడుగుపెట్టిన ప్రతివాళ్లకీ మేనేజరు ఆ మాట చెప్పుకున్నాడు.