చింతపండుతో తోమిన తూటాలు

నేను ఖతర్‌లో తుపాకి తూటాలు తోమానని చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. వాళ్ళకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల నువ్వు తోమింది బోళ్ళే, మాకు తెల్వదా" అని నవ్వుతారు. బోళ్ళూ తోమాను, కాదనను. కానీ బోళ్ళు తోమినందుకు ఎవరి నౌకరీ ఊడదు. నాకు తూటాలు తోమినందుకు ఊడినంత పనైంది.

అవి చమురు ధర ఒక్కసారిగా పెరిగిన రోజులు. దోహాలో ఎటు చూసినా కంకర మిషన్ల చప్పుడే. మా జిల్లా నుంచి వచ్చినవాళ్ళంతా బిల్డింగుల మీదికి పోయారు. నన్ను మాత్రం విమానం దిగిన రెండో రోజే పికప్‌లో కూర్చోబెట్టి, షహానియా అనే ఊరు దాటించి, ఒక ఒంటెల దొడ్డి ముందు దించారు. రెండు సిమెంటు గదులు, ఒక గుడారం, నలభై దాకా ఒంటెలు. వాటిని చూసుకునే మనుషులు వేరే ఉన్నారు, వాళ్ళ వంట వాళ్ళది, వాళ్ళ లోకం వాళ్ళది. నా డ్యూటీ ఒక్క ముసలాయనకు. ఆయన ఆ దొడ్డి యజమాని. అందరూ బాబా అనేవారు, నేనూ బాబా అన్నాను.

బాబా పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. భుజం మీంచి నడుము దాకా అడ్డంగా తోలు పట్టీ, దాని నిండా వరసగా ఇత్తడి తూటాలు. ఆ పట్టీ వేసుకోకుండా ఒంటెల దగ్గరికి కూడా పోయేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఎడారిలో దొంగలు పడి ఒంటెలను తోలుకుపోయేవారట, తుపాకి లేనివాడికి మంద దక్కేది కాదట. ఇప్పుడు దొంగలెక్కడ? వాళ్ళ పిల్లలంతా కార్లు కొనుక్కుని ఆఫీసులకు పోతున్నారు. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది?

ప్రతి శుక్రవారం నమాజయ్యాక చాప మీద కూర్చుని తూటాలన్నీ తీసి, ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచేవాడు. తోలు తగిలిన చోట ఇత్తడికి ఆకుపచ్చగా చిలుము పడుతుంది, అది తుడవాలి. పట్టీలోవి కాక ఇంకో అయిదు తూటాలు గుడ్డసంచిలో పెట్టి గుండె జేబులో దాచుకునేవాడు. నిజంగా ప్రాణం మీదికి వస్తే వాడేవి అవట. వాటికి తుపాకి నూనె రాసి, పసిపిల్లకు రాసినట్టు మెల్లగా మర్దన చేసేవాడు. ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆయన పద్ధతులన్నీ నాకు వింతే. గావా, అంటే వాళ్ళ కాఫీ, పోసేటప్పుడు చిన్న గిన్నెలో వేలి కొస పెట్టి, వేలికి వేడి తగిలేదాకా పోసేవాడు. అది అరబ్బుల ఆచారమని నేనూ అలాగే పోయడం మొదలుపెట్టాను. ఒకసారి వచ్చిన చుట్టాలకు నా వేలు ముంచి పోస్తే వాళ్ళు గిన్నె ముట్టలేదు. వాళ్ళకే మర్యాద తెలియదనుకుని ఆ రోజంతా లోపల తిట్టుకున్నాను.

బాబా కొడుకు దోహా పక్కన ఘర్రాఫాలో కొత్త విల్లా కట్టాడు. తండ్రి దుమ్ములో ఉంటే తాను ఏసీలో ఉండటం ఆయనకు నామోషీగా ఉండేది. దాదాపు ప్రతి శుక్రవారం తెల్ల కారులో వచ్చి, ఒంటెలు అమ్మేద్దాం, ఇంటికి రా అని బతిమాలేవాడు. "ఇక్కడ నీకేమైనా అయితే?" అంటే బాబా పట్టీ మీద చెయ్యి వేసి చూపించేవాడు. ఒక శుక్రవారం కొడుకు అలిగి, ఆ పట్టీ మీది చిలుమును వేలితో గీకి చూపించి, ఏదో గట్టిగానే అని వెళ్ళాడు.

ఏమన్నాడో మర్నాడు సామాను తెచ్చిన డ్రైవరు చెప్పాడు. ఆ డ్రైవరు హైదరాబాదు మనిషి, కొడుకు దగ్గర పని, కాపురం ఉమ్ ఘువైలినాలో. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు, తన యజమానిని అర్బాబ్ అనేవాడు. అరబ్బీ, ఉర్దూ, మా తెలుగు మూడూ ఆయన నాలుక మీద ఆడేవి.

"తమ్మీ, అర్బాబ్ ఏమన్నడంటే, 'నీ తూటలే నువ్వు చూస్కోలేవు, నిన్ను నువ్వేం చూస్కుంటవ్? వచ్చే జుమ్మా నాడు వచ్చి చూస్త. ఇట్లనే ఉంటె దొడ్డి ఎత్తేస్త' అన్నడు. బాబా విల్లకు పోతె నీకు డ్యూటీ మాఫీ. ఆడ వంటకు ముగ్గురున్నరు. నిన్ను సీదా ఏర్‌పోర్ట్‌ల నేనే దించాలె."

నాకు అన్నం సహించలేదు. వచ్చి నాలుగు నెలలైనా కాలేదు. ఇంటి మీద పగిలిన పెంకులు అలాగే ఉన్నాయి. నాలుగు నెలలకే తిరిగొచ్చిన మొగాణ్ణి ఊళ్ళో ఎలా చూస్తారో నాకు తెలుసు, నేనూ ఒకణ్ణి అలాగే చూశాను.

ఆ మర్నాడు పొద్దున్నే బాబా నన్ను పిలిచి, పట్టీ విప్పి నా ఒళ్ళో పెట్టాడు. వేళ్ళు వణుకుతున్నాయని చూపించాడు. పొడిగుడ్డ ఇచ్చి, ఎలా తుడవాలో ఒక తూటా మీద చేసి చూపించాడు. నీళ్ళ కూజా చూపించి వద్దన్నట్టు వేలు ఆడించాడు. నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పను.

కానీ అరగంట రుద్దినా ఒక్కదాని చిలుము పోలేదు. నాకు మండింది. ఈ అరబ్బులకు ఇత్తడి సంగతి ఏం తెలుసు? మా అమ్మ బతుకమ్మ పండుగకు ఇత్తడి బిందెలు తోమితే మొహం చూసుకోవచ్చు. పొడిగుడ్డతో చిలుము పోతుందని మా అమ్మకు చెబితే ఆ గుడ్డతోనే కొట్టేది.

నా పెట్టెలో నా భార్య ఉప్పు వేసి ముద్ద కట్టి ఇచ్చిన చింతపండు ఉంది. పులుసుకు కూడా గోటితో గిల్లి వేసుకునేవాణ్ణి, అంత ప్రాణం దాని మీద. అందులో సగం తీసి గిన్నెలో నానబెట్టాను. తూటాలన్నీ అందులో వేశాను. గావా పొయ్యిలో బూడిద తెచ్చి, ఖర్జూరపు పీచుతో ఒక్కొక్కటే తోమి, మంచినీళ్ళతో కడిగి, రేకు మీద వరసగా ఎండబెట్టాను. అబ్బ, ఏం మెరుపు. మా అమ్మ చూసి ఉంటే బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే భాయ్ బండి వచ్చింది. ఆయన ఒక కాలు కింద పెట్టి, రేకు వైపు చూసి, రెండో కాలు బండిలోనే ఉంచాడు.

"నీ పాసుగాల. తూటలు ఎండబెట్టినవా? వడియాలనుకున్నవారా?"

"కడిగిన భాయ్. తడి ఆరాలె గద."

"కడిగినవా," అన్నాడు. రెండో కాలు కూడా కింద పెట్టి రేకు దగ్గరికి వచ్చాడు.

భాయ్ హైదరాబాదులో పోలీసు జీపు నడిపినవాడు. తూటాలకు నీళ్ళు తగిలితే సందుల్లోంచి మందులోకి దిగుతాయని, అవి ఇక పేలవని, తడి దిగనివి ఏవైనా ఉంటే కాలే రేకు మీద ఇక్కడే పేలినా పేలొచ్చని చెప్పాడు. ఇద్దరం కలిసి వాటిని గుడ్డలోకి ఎత్తి నీడలో పెట్టాం.

దాచడానికి లేదు. తీసుకెళ్ళి బాబా ముందు పెట్టాను. ఆయన ఒక తూటా తీసుకుని బొటనవేలితో నిమిరాడు. ముక్కు దగ్గర పెట్టుకుని పులుపు వాసన ఏమిటని అడిగాడు. అంత మెరుస్తుంటే మెరుపు గురించి ఒక్క మాట లేదు. అంత భయంలోనూ నాకు చిన్నతనంగా అనిపించింది. భాయ్ జరిగిందంతా చెప్పాడు. బాబా విని, గుడారంలో ఉన్న తన పాత తుపాకి తెమ్మన్నాడు.

దొడ్డి వెనక ఇసుక దిబ్బ ఉంది. గురికి డబ్బా పెట్టబోతే బాబా వద్దని, గొట్టం దిబ్బ వైపే తిప్పాడు. నా తూటా ఒకటి వేసి నొక్కాడు. టిక్కుమంది, అంతే. చాలాసేపు గొట్టం అలాగే దిబ్బ మీదే ఉంచాడు. "ఒక్కోసారి ఆగి పేలుతది, ఎంబడే తియ్యొద్దు" అని భాయ్ నా చెవిలో అన్నాడు. ఆగినా పేలలేదు. రెండోది టిక్కు. మూడోది టిక్కు. నాకు విమానం మెట్లు కనబడ్డాయి. భాయ్ నావైపు చూడటం మానేశాడు.

అప్పుడు బాబా గుండె జేబులోంచి గుడ్డసంచి తీశాడు. నేను ముట్టనివి, ఆయన ఏళ్ళ తరబడి నూనె రాసి పెంచుకున్నవి. ఒకటి వేసి నొక్కాడు. టిక్కు. ఇంకొకటి. టిక్కు. అయిదూ అంతే.

బాబా తుపాకి పక్కన పెట్టి ఇసుకలో కూలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి పోతే, నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ భాయ్‌తో ఏదో అన్నాడు.

"నీ తూటలు నీళ్ళతోని సచ్చినయట, ఆయనయి నూనెతోని సచ్చినయట. నిన్ను విమానం ఎక్కిస్తే నన్ను ఏడికి ఎక్కియ్యాలె అంటుండు," అని భాయ్ కూడా నవ్వాడు.

తూటా అడుగున ఉండే చిన్న బిళ్ళ సందులోంచి నూనె మెల్లగా లోపలికి దిగి మందును చంపేస్తుందట. "తెలిస్తె ముందే చెప్పకపోయినవా?" అని తర్వాత భాయ్‌ని అడిగితే, "ప్రాణం లెక్క చూస్కునేదాన్ని పట్టుకోని నేనెట్ల చెప్త తమ్మీ" అన్నాడు. అంటే బాబా ఎన్నో ఏళ్ళుగా ఆ ఎడారిలో గుండె జేబులో ఉత్త ఇత్తడి పెట్టుకుని తిరిగాడన్నమాట. ఆయన నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, కానీ సిగ్గు కూడా వేసింది. చెయ్యొద్దన్న పనే చేశాను కదా.

శుక్రవారం దగ్గరికి వచ్చింది. భాయ్ సూక్‌లో, అంటే దోహా బజారులో, అడిగి చూశాడు, ఆ పాత తుపాకికి సరిపోయే తూటాలు ఎక్కడా లేవు. ఆ మాట చెబితే బాబా తల ఊపి, గుడ్డసంచిలోని అయిదూ నా చేతిలో పోశాడు. వాటినీ తోమి పట్టీలో పెట్టమన్నట్టు చేత్తో చూపించాడు. మిగిలిన చింతపండంతా వాటికే పోయింది. ఆ వారం పులుసు లేకుండా తిన్నాను.

కొడుకు వచ్చేసరికి బాబా గుడారం ముందు కూర్చున్నాడు. పట్టీ మీద ఎండ పడుతోంది. కొడుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి ఒక తూటా లాగి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. భాయ్ నా వెనక నిలబడి గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"కొత్తయా అని అడుగుతుండు. బాబా పాతయే అంటుండు. ఎవలు చూస్కుంటున్నరంటె, నా ఇంట్ల మనిషి లేడా అంటుండు."

నా ఇంట్లో మనిషి. ఇంతలో కొడుకు నవ్వుతూ ఇంకేదో అన్నాడు, భాయ్ ఠక్కున ఆగిపోయాడు. నేను మోచేత్తో పొడిస్తే, "ఒకటి పేల్చి చూపియ్యమంటుండు" అన్నాడు.

బాబా కదలలేదు. తాపీగా ఒక మాట అన్నాడు. కొడుకు గట్టిగా నవ్వి, తూటాను తానే పట్టీలో దూర్చి, తండ్రి భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు.

"ప్రాణం కోసం దాస్కున్నదాన్ని నీ కండ్ల సంబురానికి కాల్సుకోవాల్నా అన్నడు," అని భాయ్ ఊపిరి వదిలాడు. "వచ్చే జుమ్మాకు పిల్లగాండ్లను తెస్తడట, తాత తూటలు చూపియ్యనీకి. తమ్మీ, నీ డ్యూటీ నిలవడ్డది."

తెల్ల కారు వెళ్ళిపోయింది, దుమ్ము కూడా అణిగింది. నేను పట్టీ విప్పడానికి పక్కన కూర్చుంటే బాబా నా మణికట్టు పట్టుకున్నాడు. నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటే ఆపి ఆపి అడిగాడు. నిజం చెప్పు, మెరుస్తున్నాయా?

వేళాకోళమనుకున్నాను. పట్టీ ఆయన గుండె మీదే ఉంది, దాని మీద ఎండ ఉంది. తలెత్తి చూస్తే ఆయన కళ్ళు నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. గావా గిన్నెలో వేలు, తూటా మీద బొటనవేలు, డబ్బా వద్దన్న దిబ్బ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ వారమంతా నేను నా నౌకరీ కోసమే భయపడ్డాను. ఆయన దేని కోసం భయపడ్డాడో నాకు అప్పుడు తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది.

మెరవడానికి అరబ్బీలో ఏమంటారో నాకు రాదు. వచ్చిన మాటల్లో వెతికితే సూర్యుడు దొరికాడు.

"షమ్స్, బాబా," అన్నాను. "షమ్స్."

ఆయన తల ఊపి, పట్టీ తీయడానికి చెయ్యి పైకెత్తాడు.

ఆ దొడ్డిలో ఇంకా ఆరేళ్ళు ఉన్నాను. ఆయన కళ్ళకు చూపు ఆనని సంగతి భాయ్‌కి కూడా చెప్పలేదు. ప్రతి శుక్రవారం తోమేవాణ్ణి, ఆయన అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి. ఊరి నుంచి ఎవరు వస్తున్నా చింతపండు పంపమని రాసేవాణ్ణి. ఒకసారి నా భార్యకు విసుగొచ్చి, దుబాయ్‌ల అంత పులుపు ఎవరు తింటున్నరని రాయించింది. ఇక్కడ ఒక పెద్దాయనకు చింతపండు లేకపోతే పూట గడవదని జవాబు రాశాను.