నా క్లాసులో నిశ్శబ్దం

బోధన గురించి నా ఆలోచనలు రెండు పేజీల్లో రాయమన్నారు. ప్రొఫెసర్ ప్రమోషన్‌కు ఇవ్వాల్సిన టీచింగ్ పోర్ట్‌ఫోలియోలో మొదటి భాగం అదే. ఇరవై ఆరేళ్లుగా ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. అందులో పదకొండేళ్లు అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోయాను. ఆ రెండు పేజీల కోసం నాలుగు ఆదివారాలు కూర్చుంటే మొదటి వాక్యం ఇలా కుదిరింది: "నా క్లాసులో ఎప్పుడూ నిశ్శబ్దం ఉంటుంది."

ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. అందులో అబద్ధం లేదు. పక్క గదుల్లో పిల్లలు గోల చేస్తుంటే, మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరినవాళ్లు నా గది గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూసి వెళ్లేవారు. నేను ఏ రోజూ గొంతు పెంచలేదు. ఒక్కరినీ బయటికి పంపలేదు.

ఒకప్పుడు శామీర్‌పేట అవతల మా తాతకు కనుచూపు మేర భూములుండేవి. కొంత భూముల సీలింగు చట్టం కింద పోయింది. కొంత కోర్టుల చుట్టూ తిరగడంలో పోయింది. మిగిలింది నాయిన ప్లాట్లు చేసి అమ్ముకున్నాడు. నా దాకా వచ్చింది ఇంటి పేరు, నిటారుగా నిలబడే అలవాటు, ఎవరినీ ఏదీ అడగకూడదన్న పట్టుదల. మేడ్చల్‌లో ఒక ఫ్లాటు కొనుక్కున్నాను. యూనివర్సిటీ బస్సు రోజూ ఆ భూముల మీద కట్టిన విల్లాల గేటు ముందు నుంచే వెళ్తుంది. నేను అటు చూడను.

అందుకే ప్రొఫెసర్ కావడం నాకు జీతం సంగతి కాదు. ఎవరి దయా లేకుండా నేను సంపాదించుకున్న గౌరవం నా క్లాసు ఒక్కటే. అది కాగితం మీదికి ఎక్కాలి. రిటైర్మెంటు ఇంకా మూడేళ్లు. ఈసారి తప్పితే మళ్లీ అవకాశం రాదు.

నా భార్య హాలులో చాప పరిచి కాగితాలు సర్దింది. పాఠ్య ప్రణాళికలు ఒక పక్క, ప్రశ్నపత్రాలు ఒక పక్క, రిజల్ట్స్ ఒక పక్క. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ షీట్లు తిరగేస్తూ, "అన్నిట్ల కింద ఖాళీనే ఉన్నదేంది?" అని అడిగింది. మార్కులు వేశాక సొంత మాటల్లో ఏమైనా రాయమని కింద నాలుగు గీతలుంటాయి. ఎవరూ రాయలేదు.

"ఫిర్యాదులు లేవన్నట్టు" అన్నాను.

"పాత పోరగాండ్లతోని నాలుగు మాటలు రాయించుకోరాదు? తుర్కపల్లి ల్యాబుల్ల మీ దగ్గర సదివినోళ్లు ఎంతమంది లేరు!"

"నేను అడగను."

"అడగకుంటె ఎవలిస్తరు? పిలిచి పెడతరా మీకు?"

పాత విద్యార్థుల మాటల భాగం ఖాళీగానే ఉంచి, మిగతావన్నీ పంచ్ చేసి ఫైలులో పెట్టాను. చివరిగా మిగిలింది వీడియో. ఒక పూర్తి క్లాసు, కత్తిరింపులు లేకుండా ఇవ్వాలి.

మా మీడియా సెల్‌లో కెమెరా పని చూసే అతనికి నలభై ఏళ్లుంటాయి. శామీర్‌పేట దగ్గరి మనిషే. మంగళవారం మొదటి పీరియడ్‌కి వచ్చి, బోర్డు పక్కన మూలకు స్టాండు పెట్టి, కెమెరాను పిల్లలవైపు తిప్పాడు.

"నన్ను కదా తియ్యాల్సింది?" అన్నాను.

"మీ మాట వినవడితె సాలట సార్. పోరగాండ్లు కనవడాలె, వాళ్లు ఎట్ల వింటుండ్రో సూడాలెనట. కమిటీ రూలు. నేనేం జేస్త?"

ఆ రోజు కాంతి తరంగాల పాఠం. బాగా చెప్పాననే అనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం వీడియో చూసుకోవడానికి మీడియా సెల్‌కి వెళ్లాను. అతను కుర్చీ లాగి వేశాడు. తెర మీద అరవై మంది పిల్లలు. నా గొంతు మాత్రమే వినిపిస్తోంది. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. ఎవరూ పక్కవాడితో మాట్లాడటం లేదు. తృప్తిగా వెనక్కి వాలాను.

కాసేపటికి అతను ముందుకు వంగాడు. "సార్, ఒక్కసారి ఎనుకకు జరుపుత. గిది సూడుండ్రి."

నేను బోర్డు మీద రాస్తున్నాను. చాక్‌పీసు చప్పుడు వినిపిస్తోంది. అరవై తలలూ లేచి ఉన్నాయి. కళ్లన్నీ బోర్డు మీదున్నాయి. కొన్ని మొహాల్లో ఆసక్తి కూడా ఉంది. చప్పుడు ఆగింది. నేను వాళ్లవైపు తిరిగానన్నమాట. తలలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. నేను మాట్లాడుతున్నంతసేపూ జుట్టు తప్ప మొహాలు లేవు. మళ్లీ చాక్‌పీసు చప్పుడు. మళ్లీ మొహాలు.

"రిమోట్ లెక్క పనిజేస్తాంది సార్ మీ చాక్‌పీసు" అని అతను నవ్వాడు.

నేను నవ్వలేదు. యాభై నిమిషాలూ చూశాను. ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు.

అతను వీడియో ఆపి, గొంతు కొంచెం తగ్గించి అన్నాడు: "ఏమనుకోకుండ్రి సార్. గీళ్లను జూస్తె మా తాత యాదికొచ్చిండు."

"ఏం చేసేవాడు మీ తాత?"

"మీ తాత కాడ జీతముండె, పొలం పని, గొడ్ల పని. మీకు ఎరుక లేదు గని, మీ ఇంటి పేరు జూసిన్నాడే నాకు సమజైంది. దొర మొకం నేనెన్నడు సక్కగ జూడలే బిడ్డా, ఈపే యాదికున్నది అంటుండె. దొర అటు తిరిగినంకనే తలకాయ లేపేటోళ్లంట." కెమెరా వైరు చుట్టసాగాడు. "గదంత ఎప్పటి ముచ్చటో సార్, ఇడ్సిపెట్టుండ్రి. చాయ్ తాగుతరా?"

అతని గొంతులో కోపం లేదు. అదే నాకు భరించడం కష్టమైంది. చాయ్ వద్దని లేచాను.

బస్సులో ఇంటికి వెళ్తూ నాయిన మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. వెనక నుంచి మెడ, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కాలరు కనిపించాయి. మొహం రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది కూడా పెళ్లి ఫోటోలోది.

తర్వాతి రోజు క్లాసయ్యాక మూడో బెంచీలో కూర్చునే అమ్మాయిని కారిడార్‌లో ఆపాను. వీడియోలో అందరికంటే త్వరగా తల ఎత్తింది ఆమే. మేడ్చల్ నుంచి నా బస్సులోనే వస్తుంది. ఏదో తప్పు చేసినట్టు పుస్తకాలు గుండెకు అదుముకుని నిలబడింది.

"నేను తిరగగానే మీరందరూ తల ఎందుకు దించుకుంటారు?"

నేల చూస్తూ అంది: "మీరు జూస్తె ఏమన్న అడుగుతరేమో అని సార్."

"అడిగితే ఏమవుతుంది?"

"తెల్వకపోతె మీరేం అనరు సార్. ఊకెనే జూస్తరు. గంతే."

"నేను ఎవరినీ తిట్టలేదు కదా."

"తిట్టినా మంచిగుండు సార్."

ఆ మాట అనేసి తనే బెదిరిపోయింది. వెంటనే సర్దుకోబోయింది. "ఫిజిక్స్ అంటె మాకు ఇష్టమే సార్. మీరు బోర్డు మీద రాస్తె మస్తు సాఫ్‌గ ఉంటది. గందుకే మీరు అటు తిరిగినప్పుడు సూసుకుంటం."

ఆమె పేరు నాకు తెలియదు. అడుగుదామనుకున్నాను. అడిగితే ఫిర్యాదు చేస్తాననుకుంటుందని ఊరుకున్నాను. ఆ అమ్మాయి మెట్ల దాకా మెల్లగా నడిచి, మలుపు తిరిగాక పరుగెత్తింది. అడుగుల చప్పుడు వినిపించింది.

రెండు వారాలు ప్రయత్నం చేశాను. ఎప్పుడూ కూర్చోనివాణ్ణి కుర్చీలో కూర్చుని పాఠం చెప్పాను. బెంచీల మధ్యకు వెళ్లాను. ఒక కుర్రాడి పక్కన ఆగి అతని నోట్సు చూస్తే, పేజీ మీద చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఒకసారి నవ్వాను. ఏదో కొంప మునిగిందనుకున్నారేమో, ఇంకా బిగుసుకుపోయారు. వాళ్ల తప్పేం లేదు. నాకు నవ్వడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు.

ఫైలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఒక ఆదివారం పొద్దున ఆ మొదటి వాక్యం కొట్టేసి, వీడియోలో చూసింది చూసినట్టు ఒక పేజీ రాశాను. ఇరవై ఆరేళ్లు నేను గౌరవం అనుకున్నదేమిటో రాశాను. రాస్తున్నంతసేపూ ఊపిరి తేలిగ్గా ఆడింది. నా భార్యకు ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"నిజమే రాసిండ్రు" అంది. తర్వాత, "గిది ఇస్తె వాళ్లు మీకు ప్రమోషన్ ఇస్తరా?"

ఆ పేజీ మడిచి సొరుగులో పెట్టాను. "నా క్లాసులో ఎప్పుడూ నిశ్శబ్దం ఉంటుంది" అన్న వాక్యాన్ని మళ్లీ టైపు చేశాను. సోమవారం స్పైరల్ బైండింగ్ చేయించి ఆఫీసులో ఇచ్చాను. మా నాయిన భూమి అమ్మిన రోజు కూడా తలెత్తుకునే ఇంటికి వచ్చాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఆ రోజు నేనూ తలెత్తుకునే వచ్చాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. వీడియో ఐదు నిమిషాలు చూశారు. నేను మాట్లాడుతున్న చోటే పెట్టారు. తెర నిండా వంగిన తలలు.

"అందరూ దీక్షగా నోట్సు రాసుకుంటున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి క్లాసు చూడటం అరుదండీ" అన్నారు బయటి నుంచి వచ్చిన పెద్దాయన. "ఒక్క ఫోన్ లేదు. ఒక్కడు కదలడు. ఏం చేస్తారు మీరు?"

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది.

"ఏమీ చేయనండి" అన్నాను.

వినయం అనుకుని ముగ్గురూ నవ్వారు. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. నా భార్య స్వీట్ తెచ్చింది. నా మొహం చూసి, పక్కింటివాళ్లకు పంచకుండా ఫ్రిజ్‌లో పెట్టింది.

మరునాడు క్లాసులోకి వెళ్లేసరికి పిల్లలకు సంగతి తెలిసిపోయింది. లేచి నిలబడి, బెంచీలకేసి చూస్తూ చప్పట్లు కొట్టారు. కూర్చోమన్నాను. కూర్చుని తలలు దించుకున్నారు.

చాక్‌పీసు తీసుకుని బోర్డువైపు తిరిగాను. ఆ గంటంతా ఇక వాళ్లవైపు తిరగలేదు. రాస్తూనే చెప్పాను, చెబుతూనే రాశాను. బోర్డు నిండితే తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. భుజం లాగేసింది. వెనక పెన్నులు కదులుతున్నాయి. ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. ఎవరో నవ్వారు. నా క్లాసులో నవ్వు వినడం అదే మొదటిసారి.

పది నిమిషాలుందనగా ఒక గొంతు వచ్చింది. "సార్, రెండో లైన్ల మైనస్ ఎట్లొచ్చింది?"

చాక్‌పీసు చేతిలో ఆగిపోయింది. ఎవరో చూడాలనిపించింది. ఆ అడిగిన మొహం ఎలా ఉంటుందో చూడాలని మెడ నరాలు లాగేశాయి. తిరిగితే ఆ గొంతు మళ్లీ రాదు.

"మంచి ప్రశ్న" అన్నాను బోర్డుతోనే. మైనస్ ఎలా వచ్చిందో మొదటి నుంచి మెల్లగా రాసి చూపించాను. "అర్థమైందా?" అని అడిగితే, "అయింది సార్" అన్నారు ఎవరో. బెల్లు కొట్టాక, గదిలో చివరి అడుగుల చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడ్డాను.