మొగలిరేకుల కింద సీసా

పొద్దున మా మనవరాలు ఆన్‌లైన్లో తెప్పించుకున్న గులాబీ సెంటు నా చీర మీద కూడా కొట్టి, "ఎలా ఉంది అమ్మమ్మా?" అంది. బాగుందన్నాను. అప్పట్నుంచీ మనసు బాగోలేదు.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, మన కోనసీమ ఇళ్లలో ట్రంకుపెట్టె మూత తీస్తే చీరల మడతల్లోంచి మొగలిరేకుల వాసన గుప్పుమనేది. అమలాపురం కాలేజీలో చదివే మా చిన్నత్త, అంటే నాన్నగారి చెల్లెలు, ఆ రేకుల కింద గులాబీ సెంటు సీసా దాచుకుంది. ఆ వాసనలో ఈ వాసన కలిసిపోతుందనుకుంది, పాపం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నోరు మాత్రం ఇప్పుడున్నంతే ఉండేది.

భోజనాల దగ్గర అందరి ముందూ, "తాతగారండీ, చిన్నత్త పెట్టెలో గులాబీల వాసనొస్తోందండీ" అన్నాను.

"నిజంగానా?"

"ఆయ్!" అన్నాను, నా ముక్కుని చూసుకుని మురిసిపోతూ.

సీసా దొరికింది. "ఎవడిచ్చాడే?" అని అరిచి, తాతగారు మర్నాడే కాలేజీ మాన్పించేశారు. వేసవిలో పెళ్లి చేసి మామిడికుదురు పంపేశారు.

ఇందాక చిన్నత్తకి ఫోన్ చేసి, అరవయ్యేళ్లు ఆలస్యంగా, క్షమించమన్నాను. ఇంతకీ ఆ సీసా ఎవరిచ్చారని కూడా అడిగేశాను.

"ఎవరూ ఇవ్వలేదే. కొత్తపేట తీర్థంలో నేనే కొనుక్కున్నాను, వాసన బాగుందని."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్పేను. మీ తాతకీ చెప్పేను, మీ నాన్నకీ చెప్పేను. ఆడపిల్ల తన కోసం తనే సెంటు కొనుక్కుందంటే ఎవరు నమ్మేరు?"

నేను మాత్రం? ఇంత చదువుకుని కూడా, ఆ సీసా ఇచ్చినవాడికి ఇన్నేళ్లూ మనసులో మీసాలు గీస్తూనే ఉన్నాను.