అక్క పేరు పెట్టి చెప్పిన వాక్యం

మొన్న మనుమరాలు ఇంగ్లీషు వర్క్‌బుక్కు తెచ్చి నా ముందర పడేసింది. రాము సోము కన్నా పొడుగు, ఢిల్లీ ఆగ్రా కన్నా పెద్దది, ఇట్లాంటి పోలికలు పది రాయాలట. "తాతా, జర రెండు చెప్పవా?" అంది. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇంగ్లీషులో కాగితాలు రాసినవాణ్ణి, కళ్లద్దాలు కనపడట్లేదని అబద్ధమాడి తప్పించుకున్నాను.

మా చొప్పదండి బడిలో ఇంగ్లీషు సారుకు ఒక పద్ధతి ఉండేది. గైడులోని రాములూ సోములూ ఆయనకు గిట్టేవాళ్లు కాదు. పోలిక చెప్పాలంటే మనకు తెలిసిన మనిషి పేరో, ఊరి పేరో పెట్టే చెప్పాలి. అందుకని మా తరగతిలో మందమర్రి సుల్తానాబాద్ కన్నా వేడిగా ఉండేది, హెడ్మాస్టరు సైకిలు హెడ్మాస్టరు కన్నా ముసలిది. పేరు వినపడ్డవాళ్లు సిగ్గుతో చచ్చేవాళ్లు, మిగతావాళ్లు బల్లలు గుద్దేవాళ్లు. భలే సరదా, మన పేరు రానంతసేపు.

అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద, అయినా ఎనిమిదిలో నాతోనే ఉండేది. మాది మరమగ్గాల ఇల్లు, మా దగ్గర సాంచెలంటారు. బడికి ముందూ, బడి అయ్యాకా ఆ సాంచెలకు నూలు కండెలు చుట్టేది అక్క. నేను మగపిల్లాణ్ణి కదా, అరుగు మీద కూర్చుని పాఠాలు బట్టీపట్టేవాణ్ణి. ఆమె రెండుసార్లు తప్పింది అందుకే. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు సారు నన్ను లేపేసరికి, అందర్నీ నవ్వించాలన్న దురద ఆగలేదు. అక్క పేరు పెట్టి, ఆమె నాకన్నా మొద్దు అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. తరగతి గొల్లుమంది. "శభాష్, వాక్యం కరెక్ట్" అన్నాడు సారు. అందరూ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. అక్క కూడా తల వంచుకుని రాసుకుంది.

మర్నాడు ఆమె పుస్తకాల సంచి ముట్టలేదు. "అవ్వా, నేనిగ బడికి పోను. కండెలు చుడుత" అంది అమ్మతో. బాపు సాంచె ఆపకుండానే, "మంచిదే బిడ్డా, ఇంట్ల ఇంకో చెయ్యి ఆసరైతది" అన్నాడు. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఛీ, ముందురోజు అంత లేచిన నోరు! నా సంచి భుజాన వేసుకుని బడికి పోయాను.

ఎన్నో ఏళ్లకు, దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ మాట యాదికున్నదా అక్కా అని అడిగాను. నవ్వింది.

"అన్నదానికేమున్నది తమ్మీ, చిన్నోనివి. పొద్దుగాల బడికి పోంగ నన్ను పిలుస్తవేమోనని తలుపుకాడ నిలవడ్డ. నువ్వు పిలువలే."

అక్క యాభై తొమ్మిదేళ్లకే వెళ్లిపోయింది. పోయిన నెల నాకు అరవై నిండాయి. కాలం నన్ను మా అక్క కన్నా పెద్దవాణ్ణి చేసింది కానీ, ఆ పొద్దుటికి తీసుకుపోయి ఒక్కసారి "రా అక్కా" అననివ్వదు.