పాట ఎత్తుకునే అక్క

ఈ రోజు మధ్యాహ్నం పక్క క్వార్టర్ మరియమ్మక్క మా ఇంటికొచ్చి, నాతో కలిసి టీవీలో సినిమా అవార్డుల ఫంక్షన్ చూసింది. పాల్వంచలో వాళ్ల చర్చిలో అక్కకు ఒక పేరుంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఎంతకీ కూర్చోకపోతే, అక్క మెల్లగా పాట ఎత్తుకుంటుంది. సంఘమంతా అందుకుంటుంది. ఇక వాళ్లు చప్పట్లు కొడుతూ కూర్చోవాల్సిందే.

ఉత్తమ నటుడు మైకు పట్టుకుని దర్శకుడి నుంచి జిమ్ కోచ్ దాకా అందరినీ తలుచుకున్నాడు. ఫ్యాన్స్‌ని మూడుసార్లు తలుచుకున్నాడు.

"మా సంఘంల అయితే ఈ పాటికి రెండు పాటలు అయిపోయేటియి," అంది అక్క పల్లీలు ఒలుస్తూ.

తర్వాత ఒక ముసలి నటుడిని పిలిచారు. ఎప్పుడూ నౌకరు వేషాలే వేసే మనిషి. మైకు ముందు నిలబడ్డాడు గానీ ఆయనకు మాట రాలేదు. కళ్లు తుడుచుకుని నోరు తెరిచేలోపే, టైమైపోయింది దిగమన్నట్టు వెనక నుంచి మ్యూజిక్ మొదలైంది. ఆయన అందరికీ దండం పెట్టి దిగిపోయాడు. అక్క చేతిలోని పల్లీలు పళ్లెంలో పెట్టేసింది.

"నువ్వు గూడ గట్లనే చేస్తవు గదక్కా," అన్నాను నవ్వుతూ.

"నేను మాట ఆగనోళ్లకు ఎత్తుత. మాట రానోళ్లకు ఎత్తుతనా ఏంది?" అంది. అక్క నవ్వలేదు.

ఆ ముసలాయన ఏం చెప్పాలనుకున్నాడో అని పొద్దుగూకేదాకా ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం. మీలో ఎవరైనా చూశారా? ఏం చెప్పేవాడంటారు? ఆ జిమ్ కోచ్ గురించి నాకింకా చాలా రాయాలనుంది గానీ, గోడవతల అక్క గొంతు సవరించుకుంటోంది.