తీనోస్‌లో మా అక్క అప్పగించిన బ్యాగు

మా ఆవిడకు తిరుమల ఘాట్ రోడ్డు రెండో మలుపులోనే కడుపులో తిప్పుతుంది. అలాంటి మనిషిని సముద్రం మీద ఐదు రోజులు రమ్మంటే వస్తుందా? "నేను రాను గాక రాను. మీ అక్కను పిల్చుకపో" అని తేల్చేసింది. నాకు చిత్తూరులో డ్రిప్పు పైపుల అంగడి ఉంది. ఈ ఏడాది అమ్మకాలు బాగున్నాయని కంపెనీ వాళ్లు డీలర్లకు గ్రీసు ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు, మనిషికి తోడు ఒకరు. అలా వడమాలపేటలో మల్లెతోట చూసుకునే మా వసంతక్క, అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకుని, నాతోపాటు ఏథెన్సు దగ్గర ఓడ ఎక్కింది.

మూడో రోజు ఉదయం, ఓడలో ఇచ్చిన రొట్టెను అక్క తెచ్చిన చెనక్కాయల పొడితో తిని పైకి వచ్చేసరికి ఎదురుగా తీనోస్ ద్వీపం కనిపించింది. గోధుమరంగు కొండ, దాని కింద సున్నం కొట్టినట్టు తెల్లటి ఇళ్లు. పదకొండుకు రేవులో ఆగాం. నాలుగున్నరకల్లా అందరూ ఓడ కార్డు చూపించి ఎక్కేయాలి, ఐదుకు ఓడ కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు అని మైకులో మూడుసార్లు చెప్పారు.

"మన బస్సయితే ఒక కేకేస్తే ఆపుతాడు" అంది అక్క.

ఇక్కడ నా భుజం బ్యాగు గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని నేను ఎవరి చేతికీ ఇవ్వను. బస్సు డిక్కీలో వేయను, రైల్లో తల కింద పెట్టుకుని పడుకుంటాను. అలిపిరి మెట్లెక్కేవాళ్లు సామాను కింద కౌంటర్లో ఇచ్చేసి, చేతులూపుకుంటూ ఎక్కి, కొండ మీద తీసుకుంటారు కదా. నేను మాత్రం అన్ని మెట్లూ మోసుకునే ఎక్కుతాను. ఇంట్లో అందరూ నవ్వుతారు, నవ్వనీ. ఓడ గదిలో ఇనప బీరువా ఉన్నా నమ్మకం లేక, ఇద్దరి పాస్‌పోర్టులూ, ఓడ కార్డులూ, సెల్లూ, యూరోలూ అన్నీ ఆ బ్యాగులోనే కుక్కుకుని దిగాను.

రేవు నుంచి కొండ మీది మరియమాత గుడికి ఒకే వీధి, ముక్కుసూటిగా పైకి పోతుంది. దాదాపు కిలోమీటరు. వీధి అంచున గుడిదాకా సన్నటి తివాచీ పరిచి ఉంది. మొక్కుకున్నవాళ్లు దాని మీద మోకాళ్లతో పాకుతూ ఎక్కుతారు. ఒక నడివయసు ఆమె అలా పోతోంది, భర్త నీళ్ల సీసా పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. అక్క ఆగిపోయి దండం పెట్టింది.

"ఒరే శీనా, మోకాళ్ల పర్వతమేరా ఇది! మన కొండే ఈడికొచ్చినట్టుండాది."

వీధి మొదట్లో కొవ్వొత్తుల కొట్టు. మనిషెత్తు కొవ్వొత్తులు కూడా ఉన్నాయి. నల్లగౌను వేసుకున్న తెల్లజుట్టు పెద్దావిడ దగ్గర రెండు చిన్నవి కొన్నాం. అప్పటికి నాకు కాఫీ పడక తల పట్టేసింది. "బ్యాగు నాకిచ్చి పో. రెండు గ్లాసులు ఎట్ల పట్టుకొస్తావు?" అంది అక్క. సొంత అక్కే కదా అని ఇచ్చాను. కాఫీ మూడేసి యూరోలు. చిక్కగా, అడుగున మడ్డితో ఉంది.

తిరిగి వచ్చేసరికి అక్క చెప్పులు విడిచి సిద్ధంగా ఉంది. అక్కడ గాలి జోరు ఎక్కువ, శాలువా మెడనుంచి కాళ్లదాకా చుట్టుకుంది.

"బ్యాగక్కా?"

"బద్రంగా ఉండాది, నువ్వు పా."

శాలువా కింద ఉందనుకున్నాను.

ఆగుతూ ఆగుతూ ఎక్కి ఒంటిగంటకు గుడి చేరాం. మెట్లన్నీ పాలరాయి. లోపల దీపాలకు వెండి బొమ్మలు వేలాడుతున్నాయి, ఒకదానికి కాలు, ఒకదానికి ఇల్లు, చాలావాటికి ఓడలు. కోరిక తీరినవాళ్లు ఇచ్చుకున్నవట. "మనోళ్లు వెండి కండ్లు ఇయ్యరా? అట్లనే" అని అక్క నాకే వివరించింది. కొవ్వొత్తులు వెలిగించి, అక్కడి బల్ల మీద గంటసేపు కదలకుండా కూర్చుంది. నాకూ హాయిగానే ఉంది.

రెండున్నరకు బయటికి వచ్చాం. అక్క ఎడమకూ కుడికీ చూసింది.

"లగేజీ కౌంటరు యాడుండాదిరా?"

"ఏం లగేజీ?"

"నీ బ్యాగు. కింద కొవ్వొత్తులామెకు ఇచ్చినా కదా. గుడి తట్టు చెయ్యి సూపించినా, తలకాయ ఊపింది. నా చెప్పులు గూడా తీసుకునింది."

కిందికి పరుగు లంకించుకున్నాం. పక్కన అంగళ్ల సందు ఉంది, అది దగ్గర దారి అని ఎవరో చూపిస్తే అందులో దిగాం. తీరా చూస్తే కొట్టు మూసేసి ఉంది. ఈ ఊళ్లో మధ్యాహ్నం కొట్లు మూసి, మళ్లీ సాయంత్రం ఆరుకు తీస్తారని కాఫీ అంగడివాడు తీరిగ్గా చెప్పాడు. ఆమె ఇల్లు అతనికి తెలియదు. ఐదుకు మా ఓడ పోతుంది. బతిమాలి ఎక్కినా, పాస్‌పోర్టులు లేకుండా ఇంటికెలా పోతాం? తలుపు కొట్టాను, పక్క తలుపులు కొట్టాను. ఎవరూ పలకలేదు. గడియారం మూడుంబావు దాటింది.

"ఆమె పైకి తెచ్చింటాదిరా. పైకే పోదాం" అంది అక్క.

"ఇదేమన్నా అలిపిరి అనుకున్నావా? ఎవరు మోసుకొస్తారు పైకి? నిన్ను పిల్చుకొచ్చిందే నాది బుద్ధి తక్కువ!"

నడివీధిలో అరిచాను. కాఫీ తాగేవాళ్లు తిరిగి చూశారు. అక్క మొహం చిన్నబోయింది. చిన్నప్పుడు నాకు కాళ్లు నొప్పులంటే అలిపిరి మెట్లు సగం దూరం చంకనేసుకుని ఎక్కించిన మనిషి. ఆ మాట నోరు దాటిన క్షణంలోనే నాలుక కొరుక్కున్నాను, కానీ ఏం లాభం. ఆమె వెనక్కి తిరిగి, ఉత్తకాళ్లతో మళ్లీ కొండెక్కడం మొదలుపెట్టింది.

వెనకే నడిచాను. ఓడ దగ్గరికి పోయి చెప్పుకోవాల్సిన టైములో ఈ పిచ్చిపని ఏమిటని ఒకపక్క కోపం, ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని ఎక్కుతుంటే ఒకపక్క సిగ్గు. క్షమించమని అడుగుదామంటే ఆయాసంతో మాట రాలేదు.

నాలుగుకు పది నిమిషాలు. గుడి వాకిట్లో పాలరాతి మెట్టు మీద నల్లగౌను పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో నా బ్యాగు, దాని మీద రెండు చేతులూ. పక్కన కాగితంలో చుట్టిన అక్క చెప్పులు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంగ్లీషు తెలిసిన గుడి కాపలామనిషి సంగతి చెప్పాడు. బ్యాగు పైకి చేర్చమన్నారని ఆమెకు అర్థమైందట. కొట్టు మూసి పెద్ద వీధిలో ఎక్కివచ్చిందట. మేం సందులో దిగాం కాబట్టి కనబడలేదు. గంట పైనుంచీ అక్కడే కూర్చుని ఉందట.

ఆవిడ మమ్మల్ని గ్రీకులో తిట్టింది. అక్క ఆమెను తెలుగులో కసిరింది: "ఇంతసేపు ఎండలో కూసుంటారామ్మా? అన్నం తిన్నావా లేదా?" నేను యూరోలు తీస్తే ఆవిడ నా చేతి మీద ఒక్కటి వేసింది. అక్క నా బ్యాగు జేబులోంచి చెనక్కాయల పొడి పొట్లం తీసి ఇచ్చింది. ఆవిడ వేలితో అద్దుకుని నాకి, కారానికి కళ్లు పెద్దవి చేసి, పొట్లం మడిచి గౌను జేబులో దాచుకుంది.

నాలుగూ ఇరవైకి ఓడ ఎక్కాం. తీనోస్‌లో ఏం చూశారని సేలం డీలరు అడిగాడు. "గుడి, రెండుసార్లు" అన్నాను. ద్వీపం చిన్నదైపోతుంటే అక్క పక్కన నిలబడి, "తప్పయిపోయిందక్కా" అన్నాను.

"బయంలో అన్నావులే. మళ్లా అనొద్దు" అంది.

తీనోస్ పోయేవాళ్లకు నా సలహా: పెద్ద వీధిలోనే ఎక్కండి, పెద్ద వీధిలోనే దిగండి. సామాను కింద ఇవ్వొచ్చా అంటే మాత్రం నేను చెప్పలేను, మా అక్కను అడగాలి.

మూడు రోజుల తర్వాత పొద్దున విమానంలో చెన్నైలో దిగి, పుత్తూరు మీదుగా పోయే తిరుపతి బస్సు పట్టుకున్నాం. కండక్టరు డిక్కీ తెరిచి పెట్టెలు సర్దుతూ, నా భుజం వైపు చూసి, "అదీ ఈడ పడేస్తావా అన్నా?" అన్నాడు. తీసి ఇచ్చాను. కిటికీలోంచి చూస్తున్న అక్క నాకు చోటిచ్చి జరిగింది. వడమాలపేట వచ్చిందని ఆమె లేపేదాకా హాయిగా నిద్రపోయాను.